మా చెలకలో గూడు బండి

రీల్స్‌లో మీరూ చూసే ఉంటారు. కొండ అంచున ఆగిన వ్యాన్. వెనక డోర్ తీస్తే పరుపు, పరుపు మీద కుక్కపిల్ల, చేతిలో కాఫీ కప్పు. అట్లాంటివి ఓ వంద చూశాక నాకూ ఒకటి కావాలనిపించింది. కాకపోతే నా దగ్గర వ్యాన్ లేదు. ఇంటి వెనక చింతచెట్టు కింద మా తాత ఎడ్లబండి ఉంది. ఎడ్లు కూడా లేవు, తాత పోయిన ఏడాదే అమ్మేశారు.

ఉన్నదానితోనే చేసుకుందాం అనుకున్నా. 2025 సంక్రాంతికి పని మొదలైంది, ఉగాదికి అయిపోయింది. తొమ్మిదడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు. అప్పట్నుంచి దాంట్లోనే ఉంటున్నా. ఎలా కట్టామో చెప్తా. దానికంటే ముందు, దాని వల్ల మా ఇంట్లో ఏమైందో చెప్పాలి.

మాది పాత మహబూబ్‌నగర్ జిల్లా, కురుమూర్తి గుట్టలకు దగ్గర్లో ఒక ఊరు. బండి మీద గూడు కట్టడం మాకేం కొత్త కాదు. వెదురు బద్దలు విల్లులా వంచి, మీద ఈత చాపలు కప్పితే మామూలు బండి కాస్తా కచ్చురం అయ్యేది. కొన్నిచోట్ల సవారీ బండి అంటారు, గూడు బండి అంటారు. పెళ్లికూతుర్ని అత్తగారింటికి పంపాలన్నా, బాలింతను తల్లిగారింటికి తేవాలన్నా కచ్చురమే. దీపావళి తర్వాత కురుమూర్తి జాతరకు పోతే మూడు నాలుగు రోజులు ఆ బండే ఇల్లు. ఆడవాళ్లు, పిల్లలు గూట్లో. మగవాళ్లు బండి కింద. "బండ్లన్నీ ఇడిస్తే ఇంకో ఊరు లెక్క కొడుతుండె. యాడ ఎవరి బండి ఉందో ఎతుక్కునుడే పెద్ద పని" అంటది మా అవ్వ.

కాబట్టి ఇంట్లో వాళ్లు సంబరపడతారనుకున్నా. అవ్వ నవ్వింది. అమ్మ ఏమీ అనలేదు. నాయిన మాత్రం చేతిలో ఉన్న చాయ్ గ్లాసు కింద పెట్టి, "బండిల పండుకునేటందుకా నేను స్లాబేసింది?" అన్నాడు.

పాలమూరు లేబర్ అనే మాట మీరు వినే ఉంటారు. వానల్లేని చెలకలు, ఎత్తు మీద ఊళ్లు, కిందినుంచి పోయే కృష్ణ. పక్కన నల్లగొండలోనూ చాలా ఊళ్లది ఇదే కథ. పనుల కాలం రాగానే గుంపు మేస్త్రీ వచ్చి అడ్వాన్సు ఇస్తాడు. ఆ డబ్బుతో పాత అప్పు తీరుతుంది, కొత్త అప్పు మొదలవుతుంది. ఇంటిల్లిపాదీ బొంబాయి బస్సెక్కుతారు. మా నాయిన పద్దెనిమిదేళ్ల వయసులో ఎక్కాడు. మహారాష్ట్రలో, గుజరాత్‌లో కాలువ పనులు. నేను పుట్టాక నన్నూ తీసుకుపోయారు. ఆరేళ్లు వచ్చేదాకా నాకు ఇల్లంటే నాలుగు కట్టెలు, మీద నీలి తాడిపత్రి. పని అయిపోగానే కట్టెలు పీకి, తాడిపత్రి మడిచి, ఇంకో చోటు. నాకైతే ఆ రోజులు పెద్దగా గుర్తులేవు. ఎండలో తాడిపత్రి వాసన ఒక్కటే గుర్తుంది. బడికని నన్ను అవ్వ దగ్గర వదిలి వాళ్లు మళ్లీ పోయారు.

ఇప్పుడున్న మా రెండు గదుల మీద స్లాబు పడటానికి నాయినకు ఇరవై రెండేళ్లు పట్టింది. గోడలు ఒకసారి, తలుపులు ఒకసారి, ఫ్లోరింగ్ ఇంకోసారి. ఆ ఇంటి ముందర కూతురు చక్రాల మీద ఇంకో ఇల్లు కడతానంటే ఆయనకు ఎట్లుంటుంది? నాకు సరదాగా కనిపించింది, ఆయన కష్టపడి బయటపడింది ఒకటే. అది అర్థమయ్యే మొదలుపెట్టా. ఆపలేదు కూడా. ఎందుకంటే నాకు హైదరాబాద్‌లో కిరాయి గది వద్దు. మెడికల్ కోడింగ్ పని, ల్యాప్‌టాప్ ఉంటే చాలు. ఇంట్లో ఐదుగురం, రెండు గదులు, ఒక టీవీ. రాత్రి షిఫ్టు చేసేవాళ్లకు ఈ లెక్క విడమరిచి చెప్పక్కర్లేదు.

చక్రం

బండి చూడ్డానికి బాగానే ఉంది గానీ ఒక చక్రం పోయింది. ఒక పక్క చెదలు, ఇంకో పక్క ఎండకు విచ్చిపోయిన ఆకులు. అందరూ ఒకటే సలహా: టైర్లు వేయించు, డన్‌లప్ బండి చేసేయ్, ట్రాక్టర్‌కు తగిలించు. నిజమే, టైర్ల మీద బరువు తేలిగ్గా లాగుతుంది. కానీ ట్రాక్టర్ లాగే ట్రెయిలర్ అంటే రిజిస్ట్రేషన్ కావాలి, ఆర్‌టీఏ చుట్టూ తిరగాలి. ఎడ్లు లాగే బండికి ఆ బాధ లేదు, అది మోటారు వాహనమే కాదు. అదొక కారణం. తాత బండి తాత బండిలాగే ఉండాలన్నది ఇంకో కారణం. ఏది పెద్దదో నేను చెప్పను.

మా పక్క ఊళ్లో ఒక వడ్ల తాత ఉన్నాడు. డెబ్బై దాటాయి. ఇప్పుడు చేసేది ఎక్కువగా దర్వాజలు, కిటికీలు. చక్రం అనగానే లేచి నిలబడ్డాడు.

"ఎన్నేండ్లయ్యె బిడ్డా చక్రం జేసి. ఇప్పుడు అడిగేటోళ్లు ధాబాలోళ్లే. గోడకు తగిలిస్తరంట. తిరగని చక్రానికి నేనెందుకు, ప్లైవుడ్ గోసి రంగెయ్యుమన్న."

ఆయన దగ్గర తుమ్మ మొద్దులు రెడీగా ఉన్నాయి. కొన్ని నెలలు కుంట నీళ్లలో నానబెట్టి, తర్వాత నీడలో ఆరబెట్టినవి. నీళ్లలో చెక్క పస దిగిపోతే పురుగు పట్టదు, ఆరాక పగలదు అని చెప్పాడు. చక్రం నడుమ ఉండేది కుండ. ఇరుసు దూరేది దాంట్లోంచే. కుండ చుట్టూ 12 ఆకులు, అంటే సైకిల్‌కు పుల్లల్లాంటివి. వాటి కొసలకు వంపు తిరిగిన చెక్కలు, పూటీలు, ఆరు. ఒక్కో పూటీలో రెండేసి ఆకులు దిగుతాయి. మొత్తం చక్రంలో ఒక్క మేకు లేదు. ఒక్కో ఆకు కొసను బాడిసెతో చెక్కడం, బెజ్జంలో పెట్టి చూడటం, తీయడం, మళ్లీ వెంట్రుకవాసి చెక్కడం. మొదటి రెండు రోజులు నేను వీడియోలు తీశా. మూడో రోజు ఫోన్ పక్కన పెట్టేశా. ఒకే ఆకును ఆయన పదకొండు సార్లు తీసి పెట్టాడు, వీడియోలో అది చూసేవాడెవడు!

అసలు సంబరం పట్టా ఎక్కించే రోజు. చెక్క చక్రం చుట్టూ బిగించే ఇనుప పట్టీ అది. కమ్మరాయన దాన్ని కావాలనే చక్రం కంటే చిన్నగా చేస్తాడు. చుట్టుకొలతలో ఓ వేలి మందం తక్కువ. మామూలుగా అయితే ఎక్కనే ఎక్కదు. నేలమీద పట్టా పరిచి, దాని చుట్టూ, మీదా పిడకలు పేర్చి అంటించారు. వేడికి ఇనుము వ్యాకోచిస్తుందని బడిలో చదివాం కదా, ఆ పాఠంలో బండి చక్రం బొమ్మ కూడా ఉండేది. లెక్క కట్టి చూశా: 14 అడుగుల చుట్టున్న పట్టా ఎర్రగా కాలితే ఇంచుమించు అంగుళం సాగుతుంది. ఆ అంగుళమే అవకాశం. అది కూడా ఒకట్రెండు నిమిషాలే.

నలుగురు పట్టకార్లతో ఎత్తారు. అందులో ఒకడు మా తమ్ముడు. చక్రం మీదికి దించగానే చెక్క భగ్గుమని అంటుకుంది, పొగ. "కొట్టు, ఆ పక్క కొట్టు" అని వడ్ల తాత అరుపులు. సమ్మెటలు. పట్టా అన్ని పక్కలా దిగిందనగానే బిందెలకొద్దీ నీళ్లు. ఇనుము ముడుచుకుంటుంటే లోపల ఆకులు, పూటీలు ఒకదాంట్లోకి ఒకటి దిగుతూ చక్రం కిర్రు కిర్రున మూలిగింది. ఆ మూలుగు ఆగాక వడ్ల తాత చక్రాన్ని నిలబెట్టి, బాడిసె వెనకవైపుతో కొట్టి, చెవి పెట్టి విన్నాడు. గంటలా ఖంగుమంటే గట్టిగా ఉన్నట్టు. ఖంగుమంది.

ఆ రోజు జనమంతా చుట్టూ చేరారు. నాయిన రాలేదు. దూరంగా వేపచెట్టు కింద నిలబడి చూసిపోయాడని తర్వాత తమ్ముడు చెప్పాడు.

గూడు

గోడలకు వేప చెక్క. చెదలకు చేదు కాబట్టి అదే వాడదామన్నాడు తాత. బరువు పెరగకుండా పలచటి పలకలు, చట్రానికి మాత్రం పాత ఇంటి టేకు దూలం కోయించాం. పైన ఏడు వెదురు విల్లులు. లోపల ఒక పక్క బల్ల, అదే మంచం, దాని కింద సామాను. గోడకు మడిచే చెక్క, దించితే ల్యాప్‌టాప్ టేబుల్. రెండు కిటికీలు. వంట బయటే, మూడు రాళ్ల పొయ్యి. కరెంటుకు పక్కన గుంజ మీద 100 వాట్ల సోలార్ ప్యానెల్. బల్బు, ఫోన్, ల్యాప్‌టాప్‌కు సరిపోతుంది. ఫ్యాన్ పెడితే రాత్రి షిఫ్టు మధ్యలో బ్యాటరీ చేతులెత్తేస్తుంది. స్నానం, మిగతావి ఇంట్లోనే. రీల్స్‌లో ఈ విషయం ఎవరూ చూపించరు గానీ ముందు అడగాల్సింది అదే.

పైకప్పు దగ్గర గొడవైంది. వెదురు మీద ఈత చాపలు వేశాం, వానకు ఆగాలి కదా అని పైన కొత్త తాడిపత్రి కప్పా. నీలిది. ఊళ్లో కిరాణాలో అదే దొరుకుతుంది. పొద్దున లేచేసరికి అది లేదు. మడిచి, తాడు కట్టి, ఇంటి అరుగు మీద పెట్టి ఉంది.

"నా ఇంటి ముందర నీలి తాడిపత్రి కనబడొద్దు" అన్నాడు నాయిన. అంతే. రెండు వారాలు ఆ మాట తప్ప ఇంకో మాట లేదు. నేనూ ఏమీ అడగలేదు.

ఒక శనివారం ఆయన మహబూబ్‌నగర్ పోయి సాయంత్రం బస్సులో వచ్చాడు. భుజం మీద లారీలకు కప్పే ఖాకీ గుడ్డ, మందంగా, మైనం వాసనతో. బండి దగ్గర పడేసి లోపలికి పోయాడు. మర్నాడు నేను లేచేలోపే నిచ్చెన వేసుకుని, ఎక్కడా ముడత లేకుండా బిగించి, తాళ్లు కడుతున్నాడు. ముడులు నాకు రావు. అవి సైట్లలో గాలికి కప్పు లేచిపోకుండా వేసే ముడులు. ఒక్క చేత్తో లాగితే ఊడొస్తాయి, గాలి లాగితే ఇంకా బిగుసుకుంటాయి.

మా గుట్టల్లో ఈదురుగాలి వచ్చినప్పుడు ఆ ముడుల విలువ తెలిసింది. మేలో వచ్చింది, చింతకొమ్మలు విరిగాయి, కప్పు కదల్లేదు. మే నెల పగళ్లు మాత్రం భరించలేం, నిజం చెప్తున్నా. మధ్యాహ్నం చెట్టు కిందికే. రాత్రుళ్లు స్లాబు ఇంటికంటే వెయ్యి రెట్లు నయం. స్లాబు పగలంతా తాగిన ఎండను రాత్రంతా కక్కుతుంది, చెక్క త్వరగా చల్లబడుతుంది. నేలకు మూడడుగుల ఎత్తు కాబట్టి తేళ్ల భయం తక్కువ.

ఇంకో సంగతి. ఇది రెండు చక్రాల బండి. ఎడ్లు లేకపోతే ముందు, వెనక ఊతకర్రలు పెట్టాల్సిందే. వెనక ఊత పెట్టకముందే మా తమ్ముడు మెట్టు మీద కూర్చున్నాడు. ముందు నొగ గాల్లోకి లేచింది, లోపల కుండ దొర్లుకుంటూ వచ్చి వాడి ఒళ్లో పడింది.

ఇలాంటి ఇళ్ల గురించి రాత్రుళ్లు చదువుతూ పోతే ఒకటి గమనించా. ఇంగ్లండ్‌లో రోమా జనం గుర్రాలు లాగే చెక్క ఇళ్లలో తిరిగేవారు. వాటిని వార్డో అంటారు. చెక్కడపు పనితో, రంగులతో చూడ్డానికి రెండు కళ్లు చాలవు. ఆ రోమాల భాష మన ఉత్తర భారత భాషల చుట్టం, వాళ్ల పూర్వీకులు దాదాపు వెయ్యేళ్ల కింద ఇక్కణ్నుంచి పోయినవాళ్లే. ఊరి పొలిమేరలో ఆగితే తరిమేసేవాళ్లు. 1885లో గోర్డన్ స్టేబుల్స్ అనే డాక్టరు, రచయిత అలాంటి బండినే సరదా కోసం చేయించుకున్నాడు. పేరు 'ది వాండరర్'. రెండు గుర్రాలు, ఒక బండివాడు, ఒక నౌకరు. సరదాకు కట్టించుకున్న తొలి కారవాన్ అదే అంటారు. బండి అదే తీరు, ఆయన్ను ఎవరూ తరమలేదు. ఆయనకు ఇంకెక్కడో ఇల్లుంది కదా.

మన దగ్గరా అంతే. తాండా అనే మాటకు అసలు అర్థం ఊరు కాదు, నడిచే బిడారు. ఉప్పు, ధాన్యం ఎడ్ల వీపుల మీద వేసుకుని దక్కన్ అంతా తిరిగిన లంబాడాల గుంపు. మొఘల్ సైన్యాలకు తిండి మోసింది వాళ్లే. రైళ్లొచ్చి ఆ వ్యాపారం పోయాక, ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. దేవరకొండ నుంచి అచ్చంపేట దాకా మీరు చూసే తాండాలు అట్లా ఆగిన బిడార్లే. 2018 పంచాయతీరాజ్ చట్టంతో 500 జనాభా దాటిన తాండాలు గ్రామ పంచాయతీలయ్యాయి. నడిచే ఊరికి సర్పంచ్ రావడానికి అంతకాలం పట్టింది. రాజస్థాన్‌లో గాడియా లోహార్ల పేరులోనే బండి ఉంది. 1568లో చిత్తోడ్ కోట అక్బర్‌కు చిక్కాక, కోట మళ్లీ దక్కేదాకా ఇంటి కప్పు కింద ఉండమని ఒట్టు పెట్టుకున్నామని వాళ్లు చెప్పుకుంటారు. 1955 ఏప్రిల్‌లో నెహ్రూ స్వయంగా వాళ్లను కోటలోకి తీసుకుపోయాడు. ఒట్టు తీరింది. స్థలం, పట్టా అందని కుటుంబాలు ఆ తర్వాత కూడా బండ్లలోనే ఉండిపోయాయి.

ఇదంతా ఒకరోజు నాయినకు చెప్పా. చివరిదాకా విన్నాడు. "ఆ డాక్టరు బండి ఎంత బరువుండె?" అని అడిగాడు. రెండు టన్నుల దాకా అన్నా. "పిచ్చోడు" అన్నాడు.

జాతర

దీపావళి పోయాక కురుమూర్తికి బండి కడదామన్నది అవ్వ. పెద్దనాయిన దగ్గర ఎడ్ల జత ఉంది, అడిగితే సరేనన్నాడు. ఇరుసుకు కందెన కావాలి. అది షాపులో దొరికే గ్రీజు కాదు, ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలపాలి. ఆముదాలకు మా జిల్లాలో కరువు లేదు. అమ్మ, అవ్వ కూర్చుని నల్లటి ముద్ద చేశారు, చేతులకు అంటింది వారం దాకా పోలేదు.

తారు రోడ్డు మీద పట్టా చక్రాల బండి ఎక్కితే ఒళ్లంతా జల్లెడే. స్ప్రింగులు లేవు మరి. మట్టి బాట మీద మాత్రం ఉయ్యాలలా ఉంటుంది, చక్రం దుమ్ములో మెత్తగా దిగి పోతుంది. గంటకు నాలుగు కిలోమీటర్లు. దారిలో బైకుల మీదొచ్చిన పిల్లలు ఆపి సెల్ఫీలు దిగారు. ఒకతను ఎంతకు కట్టించావని, ఇంకొకతను ఒక రాత్రికి ఎంత కిరాయని అడిగాడు. అవ్వ లోపల్నుంచి తల బయటపెట్టి, "ఇండ్ల కోడలు పురుడు పోసుకునేదుంది, కిరాయికియ్యం" అంది. ఇంట్లో కోడలే లేదు.

చిన్న వడ్డెమాన్ నుంచి ఉద్దాలు ఊరేగింపుగా వచ్చే రోజుకు అందుకున్నాం. స్వామికి చేసే పెద్ద తోలు పాదరక్షలు అవి. చెప్పులు కుట్టే చేతులు కుట్టినవాటిని జనం నెత్తిన పెట్టించుకోవడానికి తోసుకుంటారు. అవ్వ ముందు నిలబడాలంది, నిలబెట్టాం.

రాత్రి గుట్ట కింద బండి ఇడిచాం. ట్రాక్టర్లు, ఆటోలు, ఓమ్నీ వ్యాన్లు. ఎడ్లబండ్లు అక్కడక్కడా. అవ్వ, అమ్మ, నేను గూట్లో ముడుచుకుని పడుకున్నాం. నాయినను లోపలికి రమ్మంటే వినలేదు. బండి కింద గోనెసంచి పరుచుకుని, ఇరుసు పక్కన తల పెట్టాడు. చాలాసేపు నిద్ర పట్టలేదనుకుంటా, పలక సందులోంచి బీడీ వాసన పైకొస్తూనే ఉంది.

"నీ లోపల ఆ పడమటి పలక మోగుతుంది. తుమ్మ చీల కొట్టాలె" అన్నాడు కింద నుంచి.

నేను పెద్దగట్టు మాటెత్తా. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి, లింగమంతుల స్వామి జాతర. రెండేళ్లకోసారి మాఘంలో. 2025లో అయ్యింది, మళ్లీ 2027లో. బండి కట్టుకుని పోదామా అన్నా. మా ఊరి నుంచి రెండు వందల కిలోమీటర్ల పైమాటే.

కింద కాసేపు చప్పుడు లేదు. నిద్రపోయాడేమో అనుకున్నా.

"పది దినాలు పడతది" అన్నాడు. "జడ్చర్ల కాడ ఒకటి. కల్వకుర్తి కాడ ఒకటి. దేవరకొండ దాటినంక నల్లగొండ దాంక నాకు బాట ఎర్కలేదు. ఎడ్లకు నీళ్లు యాడ దొరుకుతయో ముందు కనుక్కో."